గూఢాక్షరములు - కొండాపూరు నాణెములు

కొండాపూరు గ్రామమునకు అనతిదూరమున ఒక పాటిదిబ్బ కలదు. జనులు దానిని కోటగడ్డ యందురు. 1900 ప్రాంతమున హెన్రీ కౌజెన్స్ అను పురాతత్త్వజ్ఞుడు దానిని గుర్తించెను. 1940 ప్రాంతమున నిజాము ప్రభుత్వపు పురాతత్త్వశాఖవారు గులాం యాజ్దానీ ఆధ్వర్యమున అచ్చట త్రవ్వకములు జరిపిరి. శాతవాహనుల కాలపు పట్టణమొకటి బయల్పడెను. ఇటుక గోడలు, పూసలు, మట్టిబొమ్మలు, వేలకొలది నాణెములు లభించెను. వానిలో రోము చక్రవర్తి అగస్టసు కాలపు బంగారు నాణెము కూడ నున్నది. ఆ చక్రవర్తికిని గూఢలేఖనమునకును గల సంబంధము తెలిసికొనదగినది.

రాజ్యమేలువానికి రహస్యము తప్పదు. అగస్టసు రహస్యమైన జాబు వ్రాయునపుడు ప్రతి అక్షరమునకు బదులుగా దాని తరువాతి అక్షరమును వ్రాసెడివాడని స్యుటోనియస్ అను రోమను చరిత్రకారుడు చెప్పియున్నాడు. అతనిని దత్తు చేసికొన్న జూలియస్ సీజరు మూడక్షరములు దాటి వ్రాసెడివాడు. జాబు శత్రువుల చేతబడినను వారికది అర్థములేని అక్షరాల ప్రోవుగా కనబడును. ఎన్నవ యక్షరమో యెరిగినవాడు మాత్రము వెనుకకు లెక్కించి సులభముగా చదువుకొనును.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. చారులు సంజ్ఞాలిపితో వార్తలు పంపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పము ఒకటి. తెలిసిన మాటనే తెలియరాని విధముగా మార్చుట దాని ప్రయోజనము. ఈ వాత్స్యాయనుడే తన గ్రంథమున శాతవాహనుడగు కుంతల శాతకర్ణిని పేర్కొనుట గమనింపదగును. ఆ గ్రంథమునకు జయమంగళ యను వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు మూలదేవీయమను పద్ధతిని వివరించినాడు. అందు అక్షరములు జంటలుగా నుండును. అకారమునకు కకారము, ఖకు గ, చకు ట, తకు ప, నకు మ, రకు ష, లకు స, యకు శ జంటలు. ఒకదాని చోట రెండవది వ్రాయవలెను. చదువునపుడును అదే పట్టిక. తిరిగి మార్చినచో మొదటి మాట వచ్చును.

గుణింతమును కదల్పక ఈ లెక్కను తెలుగు మాటలకు పట్టించి చూచినచో వింత గోచరించును. "మనసు" అని వ్రాయదలచినవాడు "నమలు" అని వ్రాయును. "మీసము" కాస్త "నీలను" అగును. మర్మమెరుగనివాడు మనసును గూర్చిన జాబు చదివి భోజనపు ముచ్చట యనుకొనవచ్చును!

అయినను ఈ తాళము గట్టిది కాదు. ఒక అక్షరమునకు ఎల్లప్పుడును ఒకే అక్షరము మారుగా వచ్చుటయే దీని లోపము. వేషము మారినను నడక మారదు గదా! తెలుగున బహువచనము "లు"తో ముగియును. మూలదేవీయమున అది "సు" అగును. "ములు" అని ముగియు మాటలన్నియు "నుసు" అని ముగియును. జాబులో మాటిమాటికి ఒకే తోక కనబడినచో తెలివిగలవాడు దాని గుట్టు ఊహింపగలడు. ఏ అక్షరము ఎన్నిమారులు వచ్చినదో లెక్కించి గూఢలిపిని విప్పు మార్గమును తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు పండితుడగు అల్ కిందీ గ్రంథస్థము చేసెను.

ఇది కావలెనని దాచిన వ్రాతల కథ. ఎవ్వరును దాచకయే మరుగుపడిన వ్రాతలు వేరొకటి. శాతవాహనులు తమ పేళ్లను నాణెములపై బ్రాహ్మీలిపిలో అందరు చదువుటకే ముద్రించిరి. కాలక్రమమున ఆ లిపి మారుచు మారుచు పలు రూపములు దాల్చెను. మన తెలుగు లిపియు అందుండి పుట్టినదే. కాని ప్రాత రూపమును చదువువారు లేకపోయిరి. పదునాలుగవ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లక్ అశోకుని స్తంభములను ఢిల్లీకి తెప్పించి పండితులను పిలిపించినను వానిపై నేమున్నదో ఎవ్వరును చెప్పలేకపోయిరి.

తుదకు 1837లో కలకత్తా టంకశాల ఉద్యోగి జేమ్స్ ప్రిన్సెప్ ఆ ముడి విప్పెను. సాంచీ స్తూపము కడ నున్న చిన్న చిన్న శాసనములెన్నియో ఒకే అక్షరములతో ముగియుట ఆయన కనిపెట్టెను. భక్తులు సమర్పించిన రాళ్లపై నుండదగిన మాట "దానం" అని ఊహించెను. దానికి ముందున్న "స" అను అక్షరము "యొక్క" అను అర్థము నిచ్చునదని గ్రహించెను. గూఢలిపిని పట్టియిచ్చు మాట తోకయే ఇచ్చటను దారి చూపినది. నేడు శాతవాహన నాణెముపై "సిరి సాతకణిస" అని చదువగలుగుట ఆ శోధన ఫలమే.

చదువు రానివానికి ప్రతి వ్రాతయు గూఢలిపియే. నిజాము రాజ్యమున కచేరీ భాష ఉర్దూగా నున్న దినములలో తెలుగు మాత్రమే తెలిసిన రైతునకు తన భూమి దస్తావేజు తన చేతిలోనే యున్నను పరుల సొత్తువంటిది. పట్వారీ చదివి చెప్పినదే వానికి వేదము. ఆ కాగితమును ఏ మూలదేవుడును మరుగుపరుపలేదు. అందుననే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఆ వెనుక గ్రంథాలయోద్యమము తెలంగాణపు పల్లెలకు వ్యాపించినది.

రహస్యలిపికి తాళపుచెవి ఒక చిన్న పట్టిక. మరచిన లిపికి తాళపుచెవి ఒక జీవితకాలపు కృషి. నేర్వని లిపికి తాళపుచెవి ఊరి నడుమనున్న పఠనాలయము. కొండాపూరు ప్రదర్శనశాలలో అద్దము వెనుకనున్న నాణెములు ఒక్క హెచ్చరిక చేయుచున్నవి: వ్రాసినంత మాత్రమున వ్రాత నిలువదు, చదువువాడున్నంత కాలమే నిలుచును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమునకు చందా కట్టి పుస్తకము తెరచిన ప్రతివాడును ఒక తాళమును తీసియుంచినవాడే.