టిమొరాస్సో తెల్ల ద్రాక్ష: దిగుబడి లేదని వదిలేసిన రకం మళ్లీ ఎలా నిలబడింది?



ఈ మధ్య ఒక రైతు ఫోన్ చేసి, "సార్, వైన్ ద్రాక్షలో అరుదైన రకం ఒకటి ఉందట. మొక్కలు తెచ్చి ఇస్తామంటున్నారు. బోరు కింద రెండెకరాలు పెట్టమంటారా?" అని అడిగారు. పంట కొనేదెవరని అడిగితే, "అది కూడా వాళ్లే చూపిస్తారట సార్" అన్నారు. బయానా ఇంకా ఇవ్వలేదని తెలిసి కొంత ఊరట కలిగింది. ఇలాంటి ప్రశ్న మీలో ఇంకొందరికి కూడా రావచ్చు. అరుదైన రకానికి ధర ఎక్కడి నుంచి వస్తుందో ఇటలీలోని టిమొరాస్సో ద్రాక్షను చూస్తే బాగా అర్థమవుతుంది.

ఎక్కడి రకం?

ఇటలీ వాయవ్య భాగంలో పీడ్‌మాంట్ ప్రాంతం ఉంది. అక్కడ అలెస్సాండ్రియా జిల్లాలో తొర్తోనా పట్టణం చుట్టూ ఉన్న కొండ వాలుల్లో పెరిగే పాత తెల్ల ద్రాక్ష టిమొరాస్సో. నేలలు సున్నం కలిసిన బంకమట్టి నేలలు. చలికాలంలో ఆకు రాలి తీగ నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది. ఏడాదికి ఒకే కత్తిరింపు, ఒకే కాపు. కోత సాధారణంగా సెప్టెంబరులో వస్తుంది.

ఎందుకు వదిలేశారు?

19వ శతాబ్దం చివర్లో ఫిల్లాక్సెరా అనే వేరు పేను యూరప్ ద్రాక్ష తోటలను నాశనం చేసింది. తోటలను తిరిగి నాటేటప్పుడు రైతులు నిలకడగా కాసే రకాల వైపు వెళ్లారు. ఆ ప్రాంతంలో టిమొరాస్సో స్థానాన్ని ఎక్కువగా కోర్తేజె అనే మరో తెల్ల రకం తీసుకుంది. అందుకు కారణాలు ఇవి:

1. కాపు నిలకడగా ఉండదు. ఒక ఏడు బాగా కాస్తే మరో ఏడు తగ్గుతుంది.
2. పూత దశలో వాతావరణం అనుకూలించకపోతే పిందె సరిగా కట్టదు. గుత్తిలో పెద్ద కాయలతో పాటు షాట్ బెర్రీలు కూడా ఉండిపోతాయి.
3. కోతకు ముందు తేమ పెరిగితే గుత్తులకు బూజు కుళ్ళు సోకుతుంది.
4. తీగ జోరుగా పెరుగుతుంది. రెమ్మలు సర్దడానికి, ఆకు తీయడానికి కూలీలు ఎక్కువ కావాలి.

ఆ రైతులది తెలివితక్కువతనం కాదు. ద్రాక్షను కిలోల లెక్కన అమ్ముకునేవారికి ఇలాంటి రకం గిట్టుబాటు కాదు. 1980ల నాటికి పాత తోటల్లో అక్కడక్కడా కొన్ని తీగలే మిగిలాయి.

మళ్లీ ఎలా వచ్చింది?

మొన్లేయాలె గ్రామానికి చెందిన వాల్టర్ మాస్సా అనే సాగుదారు ఆ మిగిలిన తీగల పండును వేరుగా కోసి, 1987లో దానితోనే విడిగా వైన్ చేశారు. అంతవరకు దాన్ని ఇతర ద్రాక్షతో కలిపేయడమే ఎక్కువ. ఫలితం బాగుండడంతో ఆయన విస్తీర్ణం పెంచారు. తర్వాత ఇరుగుపొరుగు వారు కూడా నాటారు. తొర్తోనా పట్టణపు ప్రాచీన నామం దెర్తోనా. ఇప్పుడు ఈ వైన్‌ను చాలామంది ఆ పేరుతోనే అమ్ముతున్నారు. సాగు కొన్ని వందల హెక్టార్లకు చేరింది.

గమనించండి, ఇది ఒక్క పంటకాలంలో జరిగిన పని కాదు. పేరు రావడానికి ఏళ్లు పట్టింది. పైగా మాస్సా కుటుంబానికి అప్పటికే వైన్ తయారీ ఉంది. పండు కొనేవారి కోసం ఆయన ఎదురుచూడవలసిన అవసరం లేకపోయింది.

ఆ వైన్ ప్రత్యేకత ఏమిటి?

తెల్ల వైన్‌కు చురుకైన రుచినిచ్చేది పండులోని పులుపు. టిమొరాస్సో బాగా పండి చక్కెర పెరిగినా పులుపు తగ్గిపోదు. అందుకే చాలా తెల్ల వైన్‌లు త్వరగా తాగేయవలసినవే అయినా, ఇది సీసాలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. పండును చేత్తో కోసి, రసం తీసి, చల్లగా పులియబెట్టి, అడుగున చేరే ఈస్ట్ మడ్డి మీద కొన్ని నెలలు ఉంచుతారు. సాధారణంగా ఏడాది దాటాకే అమ్ముతారు. అంతకాలం డబ్బు ఇరుక్కుని ఉంటుందన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

మన దగ్గర పెట్టవచ్చా?

తొందరపడవద్దని నా సలహా. మన దగ్గర ద్రాక్ష తీగకు చలి నిద్ర లేదు. ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి, ఏటా రెండు కత్తిరింపులు చేసి ఒక పంట తీస్తాం. పండే దశలో రాత్రులు వెచ్చగా ఉంటే పులుపు త్వరగా పడిపోతుంది. అక్కడి గుణం ఇక్కడ కూడా వస్తుందని ఎవరు చెప్పినా నమ్మి పెట్టుబడి పెట్టకండి.

లెక్క ఇలా వేసుకోండి

ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే. మామూలు రకం ఎకరాకు 10 టన్నులు వచ్చి కిలో 30 రూపాయలు పలికితే రాబడి 3 లక్షలు. అరుదైన రకం 4 టన్నులే వచ్చి కిలో 80 పలికితే 3 లక్షల 20 వేలు. చూడడానికి బాగుంది. అదే కొనేవారు 50కి దించితే 2 లక్షలే. కానీ పందిరి, మందులు, కూలీల ఖర్చు దిగుబడితో పాటు సగానికి తగ్గదు. కొనుగోలుదారు ఒక్కరే అయితే ధర మీ చేతిలో ఉండదు.

మొక్కలకు డబ్బు కట్టే ముందు

• పండు కొనే వైనరీ ఎవరో తెలుసుకుని, వారితోనే నేరుగా మాట్లాడండి. మొక్కలు అమ్మేవారి మాట చాలదు.
• ధర, చక్కెర శాతం, పులుపు, కోత తేదీ ఎవరు నిర్ణయిస్తారు, పండును తిరస్కరిస్తే నష్టం ఎవరిది అనేవి రాతపూర్వకంగా తీసుకోండి.
• విదేశీ మొక్కలు, కొమ్మలు దిగుమతి అనుమతి, క్వారంటైన్ పరీక్ష లేకుండా తేవడం నేరం. వాటితో వైరస్ తెగుళ్లు వస్తాయి. కాగితాలు చూపమనండి.
• ఏ వేరుమూలం మీద అంటు కట్టారో అడగండి. మట్టి, నీటి పరీక్షల తర్వాతే నిర్ణయించండి.
• ఎన్ని హామీలు ఉన్నా ముందు 20–30 తీగలతో చూడండి. రెండు పంటలు చూశాక విస్తరించండి.
• లైసెన్స్ లేకుండా వైన్ తయారుచేసి అమ్మడం చట్టరీత్యా నేరం.

మీ పొలంలోని పాత రకాన్ని చూసుకోండి

ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి తెల్ల ద్రాక్షకు ఎంత పేరుండేదో పెద్దవారికి తెలుసు. బాగా కాసే రకమే అయినా గింజలుండడం, బూజు తెగులు బెడద వల్ల గింజలేని థామ్సన్ ముందు నిలవలేకపోయింది. దిగుబడి ఉన్న రకం కూడా మార్కెట్ మారితే పోతుంది.

టిమొరాస్సో నుంచి నేర్చుకోవలసింది ఆ మొక్కను తెచ్చుకోవడం కాదు. మీ గట్టు మీద పాత మామిడి, పెరట్లో పాత వంగ, తాతల నాటి వరి రకం ఉంటే దాన్ని వేరుగా కోసి, వేరుగా అమ్మి చూడండి. కొన్నవారు రెండోసారి అడిగితే అందులో విషయం ఉన్నట్టే. రైతులు కాపాడిన రకాలను 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద నమోదు చేసుకునే వీలుంది.

సందేహాలుంటే మీ మండల ఉద్యాన అధికారిని కలవండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి. నాకు ఫోన్ చేసిన రైతు ప్రస్తుతానికి రెండెకరాల ఆలోచన మానుకుని, కొనేవారి చిరునామా అడిగే పనిలో ఉన్నారు. మీరు కూడా అదే ముందు అడగండి.