పల్నాడులో దోమకాటు వైరస్ జ్వరాలు

దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి వైరస్ చేరి వచ్చే జ్వరాల్లో తెలుగు నేలను ఎక్కువగా బాధించినవి మూడు: డెంగీ, చికున్‌గున్యా, మెదడువాపు. మలేరియా, బోదకాలు కూడా దోమ తెచ్చేవే కానీ వాటికి మూలం వైరస్ కాదు. మలేరియాకు ఏకకణ పరాన్నజీవి కారణమైతే, బోదకాలుకు దారంలాంటి సన్నని పురుగు కారణం. ఊళ్లో మాత్రం రక్తపరీక్ష జరిగేదాకా అన్నిటినీ ఒకటే పేరుతో పిలుస్తారు: విషజ్వరం.

పల్నాడులో ఈ జ్వరాల కథ నీళ్ల కథతో ముడిపడి ఉంది. ఇది మెట్టసీమ. జొన్న, సజ్జ తిని బతికిన నేల. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. జవహర్ కాలువ అనే కుడికాలువ పల్నాడు మీదుగా సాగి మెట్టను మాగాణి చేసింది. నరసరావుపేటకూ పిడుగురాళ్లకూ మధ్యనున్న నకరికల్లు ఆ కాలువ కిందిదే. గోదావరి–పెన్నా అనుసంధానం మొదటి దశలో గోదావరి నీటిని కుడికాలువలో కలపడానికి ఎంచుకున్న చోటు కూడా ఇదే. 2018లో ఇక్కడే దానికి శంకుస్థాపన జరిగింది. పొలానికి నీళ్లొచ్చినా ఇంటికి తాగునీటి ఇక్కట్లు పూర్తిగా తీరలేదు. కుళాయి ఏ పూట వస్తుందో తెలియని ఇల్లాలు వచ్చినప్పుడే పట్టి నిల్వ చేసుకోవాలి. పొలంలో నిలిచిన నీళ్లలో ఒక దోమ పెరుగుతుంది, ఇంట్లో నిల్వ ఉంచిన నీళ్లలో మరో దోమ పెరుగుతుంది.

పొలం దోమ క్యూలెక్స్ జాతిది. నాట్లు పడిన వరిమళ్లలో గుడ్లు పెట్టి, చీకటి పడ్డాక కుడుతుంది. మెదడువాపు వైరస్‌ను మోసేది ఇదే. ఆ వైరస్ సహజంగా కొంగల్లో, నీటిపక్షుల్లో తిరుగుతుంది. పంది ఒంట్లో అది విపరీతంగా పెరుగుతుంది, పందికి మాత్రం పెద్దగా జబ్బు కనిపించదు. మనిషి నుంచి మరో దోమకు ఎక్కేంత వైరస్ మనిషి రక్తంలో ఉండదు. సోకినవారిలో అతి కొద్దిమందికే జబ్బు ముదురుతుంది. అలా ముదిరితే ముగ్గురిలో ఒకరి దాకా చనిపోవచ్చు. బతికిన పిల్లల్లో చాలామందికి కాలో చెయ్యో మాటో సరిగా తిరిగిరాదు. మన దేశంలో దీన్ని మొదట 1955లో వెల్లూరులో గుర్తించారు. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఎందరో పిల్లల్ని పొట్టనపెట్టుకుంది.

ఇంటి దోమ పేరు ఏడిస్ ఈజిప్టై. నల్లటి ఒంటి మీద, కాళ్ల మీద తెల్లచారలుంటాయి కాబట్టి జనం టైగర్ దోమ అంటారు. పుట్టిల్లు ఆఫ్రికా, ఓడల్లోని నీటిపీపాల్లో లోకమంతా తిరిగింది. దీనికి మురుగు కాలువ అక్కర్లేదు. పెరట్లో సిమెంటు గాబు, నాపరాళ్ల తొట్టి, మూతలేని డ్రమ్ము, వాడని రోలు గుంట, కొబ్బరిచిప్ప, పాత టైరు చాలు. గుడ్లను నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్లీ గాబు నిండినరోజు పిల్లలవుతాయి. అందుకే నీళ్లు పారబోసి ఊరుకుంటే సరిపోదు, గోడలు గట్టిగా రుద్ది కడగాలి. ఇది పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, మళ్లీ పొద్దుగూకే ముందు. రాత్రి దోమతెర కట్టుకున్నా డెంగీ ఎందుకొచ్చిందని అడిగేవారికి జవాబు ఇదే.

ఏడిస్ మోసే డెంగీ, చికున్‌గున్యా జ్వరాలు మన దేశంలో ముందుగా రేవుపట్టణాల్లో బయటపడ్డాయి. డెంగీ వైరస్‌ను 1940ల మధ్యలో కలకత్తాలోని సైనికుల రక్తం నుంచి వేరుచేశారు. చికున్‌గున్యా 1963లో కలకత్తాలో, 1964లో మద్రాసులో, 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలలో కనిపించింది. 1973లో మహారాష్ట్రలోని బార్శీ తర్వాత అది మూడు దశాబ్దాలకు పైగా ఊసులేకుండా పోయింది. ఒక తరం వైద్యులు దాన్ని చూడనే లేదు.

2005 చివర్లో రాయలసీమ నుంచి కబురొచ్చింది. ఒంటికి జ్వరం, కీళ్లకు భరించలేని పోటు. టాంజానియాలోని మకొండె భాషలో చికున్‌గున్యా అంటే మనిషిని వంచేసేది. 1952లో ఆ గడ్డమీదే దాన్ని మొదట గుర్తించారు. ఈసారి వచ్చింది పాత ఆసియా రకం కాదు. హిందూ మహాసముద్ర దీవుల్ని అప్పుడే కుదిపేసిన ఆఫ్రికా రకం. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న మారిషస్ కూడా అప్పుడు దాని బారిన పడింది. 2006లో దేశమంతటా 13 లక్షల 90 వేల అనుమానిత కేసులు నమోదైతే, ఆంధ్రప్రదేశ్ లెక్క 77 వేల చిల్లర. పక్కనున్న కర్ణాటకది ఏడున్నర లక్షలు. ఇంత తేడా దోమల్లో కన్నా లెక్కల్లోనే ఉందనిపిస్తుంది. ఊళ్లో ఆర్.ఎం.పి. వైద్యుడి దగ్గర సూది వేయించుకుని మంచమెక్కినవారు ఏ లెక్కకూ అందరు. జనం నోట దాని పేరు చికెన్‌గున్యా అయింది. కోడిమాంసానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ప్రాణం తీయడం అరుదే అయినా, రెక్కాడితేగాని డొక్కాడని కూలీకి నెలల తరబడి పిడికిలి బిగియకపోవడం చిన్న నష్టం కాదు.

డెంగీ అలా కాదు, ప్రాణం మీదికి తెస్తుంది. దాని వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి సోకి తగ్గినవారికి తర్వాత మరోటి సోకితే ముప్పు పెరుగుతుంది. అందరి భయం ప్లేట్‌లెట్ల మీదే కానీ, అసలు ప్రమాదం రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోయి రక్తపోటు పడిపోవడం. అది చాలాసార్లు జ్వరం దిగాకే మొదలవుతుంది. జ్వరం తగ్గింది కదా అని పత్తి తీతకు వెళ్లే రోజే జాగ్రత్తగా కనిపెట్టుకోవలసిన రోజు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చల్లబడిన కాళ్లుచేతులు ఆస్పత్రికి పరుగెత్తవలసిన గుర్తులు. ఒళ్లునొప్పులకు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వాడితే రక్తస్రావం పెరగవచ్చు. పారాసెటమాల్, ద్రవాలే ఆధారం. 2024లో ప్రపంచమంతటా కోటీ 40 లక్షలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి.

మెదడు వాచే ప్రతి జ్వరమూ దోమ తెచ్చేది కాదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో మెదడు వాచి పిల్లలు చనిపోతుంటే ముందు అందరి చూపూ దోమ మీదికే పోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది వేరు: అది చాందీపురా వైరస్, మోసేది ఇసుక ఈగ. 329 మంది పిల్లలకు సోకగా 183 మంది కన్నుమూశారు.

మళ్లీ ఏడిస్ సంగతికి వస్తే, గుడ్డు దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. ‘ఫ్రైడే డ్రైడే’ పేరుతో వారానికోసారి పాత్రలు ఆరబెట్టమని ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి చెప్పడం అందుకే. నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియని ఇంట్లో నిండు గాబును ఒలకబోయమనడం ఎంత కష్టమో ఆ గడప తొక్కినవారికే తెలుసు. అలాంటిచోట బిగుతైన మూత, పాత చీర గుడ్డ కట్టడం, దోమ పిల్లల్ని తినే గంబూజియా చేపలు, నీటిలో కలిపే టెమిఫాస్ మందు పనికొస్తాయి.

మెదడువాపుకు టీకా ఉంది. కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్‌తో హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన జెన్‌వ్యాక్ 2013లో విడుదలైంది. జపాన్ సంస్థ టకేడా రూపొందించిన డెంగీ టీకాను ఏటా 5 కోట్ల మోతాదుల దాకా తయారుచేయడానికి హైదరాబాదుకే చెందిన బయోలాజికల్ ఇ 2024 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకుంది.