ఏ సంతోషం నిగ్రహాన్నిస్తుంది?

సంతోషం మనసును విశాలం చేస్తుందనీ, అలాంటి మనసుకు నిగ్రహం దానంతటదే అలవడుతుందనీ వ్యక్తిత్వ వికాస శిక్షణల్లో తరచూ చెబుతుంటారు. దీనికి ఆధారంగా చూపే చరిత్ర సాధారణంగా బార్బరా ఫ్రెడ్రిక్సన్ 1998లో ప్రతిపాదించిన సిద్ధాంతంతో మొదలవుతుంది. అక్కడ మొదలుపెట్టడం వల్లే అసలు చిక్కు కనబడకుండా పోయిందని నా అభిప్రాయం. అంతకు ఇరవై ఆరేళ్ల ముందు అచ్చయిన ఒక ఫలితాన్ని మనం సగమే చదివాం.

తొలి ఘట్టాలు తెలిసినవే. ధ్యాసను పట్టి నిలపడంలోనే సంకల్పబలం ఉందని విలియం జేమ్స్ 1890లో రాశాడు. ఉద్రేకం పెరిగేకొద్దీ మనసు పట్టించుకునే సూచనలు తగ్గిపోతాయని ఈస్టర్‌బ్రుక్ 1959లో సూత్రీకరించాడు.

స్టాన్‌ఫర్డ్ బింగ్ నర్సరీలో వాల్టర్ మిషెల్ జరిపిన మార్ష్‌మెల్లో పరీక్ష చాలామందికి తెలుసు. ఓపిక పట్టిన పిల్లలు పెద్దయ్యాక రాణించారన్న కథే లోకంలో మిగిలింది. కానీ ఎబ్బెసెన్, జైస్‌లతో కలిసి మిషెల్ 1972లో ప్రచురించిన వ్యాసం అడిగింది వేరే ప్రశ్న: ఆగే వేళలో పిల్లల ధ్యాస ఎక్కడుంటుంది? బాగా నచ్చిన తినుబండారం దక్కాలంటే బయటికెళ్లిన పరిశోధకుడు తిరిగొచ్చేదాకా ఆగాలి. మధ్యలో పిలిస్తే రెండో రకమే దక్కుతుంది. గడువు 15 నిమిషాలు. కొందరిని ఉయ్యాల ఊగడం లాంటి సరదా సంగతులు తలచుకోమన్నారు. కొందరిని కిందపడి మోకాలు గీరుకున్న సంగతి తలచుకోమన్నారు. మరికొందరిని ఆ తినుబండారాన్నే తలచుకోమన్నారు. సరదాను తలచుకున్నవారు సగటున 13 నిమిషాల దాకా ఆగారు. మిగిలిన రెండు జట్లూ ఐదు నిమిషాల దగ్గరే ఆగిపోయాయి.

ధ్యాస మళ్లించడమే మంత్రమైతే దెబ్బను తలచుకున్నవారూ ఆగి ఉండాలి. ఆగలేదు. కాబట్టి మనఃస్థితికీ పాత్ర ఉంది. అయితే బాధపెట్టే ఆలోచనను పసివాడు త్వరగా వదిలేసి, మళ్లీ తినుబండారం మీదికి రావచ్చు. అప్పుడు మనఃస్థితినీ ధ్యాసనూ విడదీయడం కష్టం. పైగా ఒక్కో జట్టులో పిల్లలు కొద్దిమందే, అదీ ఎక్కువగా విశ్వవిద్యాలయంతో సంబంధమున్న కుటుంబాల వాళ్లు. ఇన్ని మినహాయింపులు పెట్టుకున్నాక కూడా మూడో జట్టు నన్ను వదలదు. ఇష్టమైన తిండిని తలచుకోవడంలో బాధేముంది? అదీ ఒక సుఖమే. ఆ సుఖం మాత్రం నిగ్రహాన్ని కుంగదీసింది. సంతోషాలన్నీ ఒకే పని చేయవన్న సాక్ష్యం అప్పటికే పుట్టింది. దాన్ని ఎవరూ అలా చదవలేదు.

ఆలిస్ ఐసెన్ 1987లో హాస్యచిత్రం చూపించి, సంతోషం సృజనను పెంచుతుందని చూపాక పరిశోధన ఉత్సాహంగా ఒకే వైపు సాగింది. ఆ ఉత్సాహానికి గట్టి అడ్డు 2004లో వచ్చింది. సంతోషపెట్టే బొమ్మలు చూసినవారు కొత్తదానికి సులువుగా మళ్లుతారని, అదే కారణంగా అక్కరలేనిదానికీ సులువుగా లొంగుతారని డ్రైస్‌బాఖ్, గోష్కే చూపారు. 2008లో గేబుల్, హార్మన్-జోన్స్ కొందరికి పిల్లుల అల్లరి, మరికొందరికి నోరూరించే మిఠాయిలు చూపించారు. మిఠాయిలు చూసినవారి ధ్యాస ఇరుకైంది. కోరికలోని సంతోషం వేరు, ఆటలోని సంతోషం వేరు. 1972 నాటి మూడో జట్టు మళ్లీ ఎదురైనట్టే ఉంది, ముప్పై ఆరేళ్ల తర్వాత.

ఇక నేటి పరిస్థితి. అలసిన నిగ్రహాన్ని సంతోషం తిరిగి నింపుతుందని టైస్, బౌమైస్టర్ బృందం 2007లో చెప్పింది. నిగ్రహం వాడేకొద్దీ తరుగుతుందన్న దాని పునాదినే 2016లో 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే ఫలితం దాదాపు సున్నాగా తేలింది. తర్వాతి పరీక్షలతోనూ ఆ వివాదం తీరలేదు. సుఖానుభూతులకూ దుఃఖానుభూతులకూ మధ్య ఫ్రెడ్రిక్సన్, లొసాడా 2005లో ప్రకటించిన నిష్పత్తి వెనుక ఉన్న గణితం తప్పని 2013లో బ్రౌన్, సోకల్, ఫ్రీడ్‌మన్ నిరూపించారు. ఇంత జరిగాక కూడా శిక్షణ శిబిరాల మాట మారకపోవడం నాకు బాధగా ఉంది. కొద్ది నిమిషాల వీడియోతో పుట్టించిన ఉల్లాసం నుంచి జీవితకాలపు అలవాట్ల దాకా గీసే గీత నమ్మదగ్గది కాదు. పద్దులు సరిచూసే ఉద్యోగినీ, సిగరెట్ మానాలనుకునే మనిషినీ కూర్చోబెట్టి ఇద్దరికీ ఒకే ఉల్లాసాన్ని నూరిపోస్తున్నారు. మొదటివారికి ధ్యాస చెదరకూడదు, రెండోవారికి అది సిగరెట్ మీంచి మళ్లాలి.