భయపెడితే వినలేదు, అడిగితే చెప్పింది

2024 ఆగస్టు 31, శనివారం. బెజవాడలో వాన తెరిపివ్వడం లేదు. మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయని టీవీలో చెబుతున్నారు. సింగ్‌నగర్‌లో ఒక మేడ ఇల్లు. (ఇంట్లో మనుషులు, మాటలు కల్పితం, వాన, వరద, తేదీలు నిజం.)

కింది వాటాలో అల్లుడిది నెల రోజులుగా ఒకటే పోరు. బుడమేరు వాగు పొంగుతుందని ఫోన్లో వీడియోలు చూపిస్తాడు, మంచం కింద నీళ్ల క్యాన్లు దాస్తాడు. చాదస్తమంది అత్తగారు. "వరదొస్తే కృష్ణకు రావాలి. అదెక్కడ, మనమెక్కడ?" అన్నాడు మేడమీదాయన. అల్లుడు చెప్పింది నిజమే. కానీ వినేవాళ్లకు అందులో "మీకేం తెలీదు" అన్న మాటే వినపడింది. ఆ మాట ఎవరికైనా గుచ్చుకుంటుంది.

ఆ సాయంత్రం వీడియో చూపలేదు. అడిగాడు.

"అత్తయ్యగారూ, 77 ఉప్పెనప్పుడు మీరు దివిసీమలోనే కదా. ఏం చేసుంటే బాగుండేదనిపించింది?"

గోంగూర ఒలుస్తున్న చెయ్యి ఆగింది. నవంబరు 19. వేలమందిని మింగిన రోజు.

"గాలివాన మాకు కొత్తా అనుకున్నాం బాబూ. సముద్రం ఇంట్లోకొస్తుందని ఎవరనుకుంటారు? పొలం కాగితాలు పెట్టెతో సహా పోయాయి. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు."

చెప్పి ఊరుకోలేదు. లేచి బిందెలన్నీ నింపింది. ఆధార్ కార్డులు, ఇంటి కాగితాలు పాలిథిన్ కవర్లో చుట్టి, బీపీ మాత్రలతో కలిపి స్టీలు డబ్బాలో పెట్టింది. మెట్ల దగ్గర నిలబడి పై వాటావాళ్లకు కేకేసింది: "అమ్మాయ్, రాత్రికి మీ తలుపు గడియ పెట్టకండి!"

అల్లుడి మాట పెడచెవిన పెట్టినవాళ్లు పెద్దావిడ మాట కాదనలేదు.

సెప్టెంబరు 1. బుడమేరు కట్టకు గండ్లు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. కరెంటు పోయింది, ఫోన్లు ఆగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. కాలనీల్లోకి పడవలొచ్చాయి, డ్రోన్లు ఆహారం జారవిడిచాయి. గండ్లన్నీ పూడేసరికి 7వ తేదీ వచ్చింది. అన్నాళ్లూ కింది వాటా, పై వాటా ఒకే పొయ్యి మీద వండుకున్నాయి.

డెల్టాలో ఉప్పెనో వరదో చూసిన పెద్దవాళ్లు లేని వీధి అరుదు. ముందుజాగ్రత్త తెలిసినవాళ్లు మొదట వాళ్ల దగ్గర కూర్చోవాలని నా గట్టి నమ్మకం.

నీళ్లు తీశాక బురద కడుగుతున్న అల్లుడి దగ్గరికి మేడమీదాయన వచ్చాడు. "మీ ముందుజాగ్రత్తల లిస్టేదో మాకూ రాసివ్వండి."

"నేనొక్కణ్నే రాస్తే చాలదండీ. మీరు కరెంటు పనిచేసేవాళ్లు. నీళ్లు ఎంతదాకా వస్తే మెయిన్ ఆపాలో ముందు మీరు చెప్పండి."