జహీరాబాద్ పల్లెసీమలో టీవీ పాటలు, ఆటలు, బొమ్మల కథలు

జహీరాబాద్ చుట్టుపక్కల సీమకు టీవీ ఉపగ్రహం మీదుగా వచ్చింది. 1975 ఆగస్టు 1న ‘సైట్’ అనే ఉపగ్రహ బోధన ప్రయోగం మొదలైంది. నాసా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఏడాదిపాటు కార్యక్రమాలు పంపింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మెదక్ ఒకటి. జహీరాబాద్ అప్పట్లో ఆ జిల్లాలోదే. హైదరాబాద్ నగరానికి ఇంకా సొంత ప్రసార కేంద్రం లేని రోజులవి. రాజధానివాసుల కంటే ముందే జొన్నచేలు దున్నుకునే రైతులు తెర మీద బొమ్మను చూడడం ఈ దేశపు టీవీ చరిత్రలో అరుదైన ఘట్టం. దానికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

ఆ టీవీ పెట్టెలు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. సంకేతాన్ని పట్టడానికి సుమారు మూడు మీటర్ల వెడల్పున సన్నటి ఇనుప వలతో చేసిన గొడుగు ఆంటెనా ఉండేది. పెట్టె ఒక ఇంటిది కాదు, ఊరందరిదీ. పొద్దున గంటన్నర బడిపిల్లలకు కేటాయించి, దాన్ని నాలుగు భాషలకు పంచారు. సాయంత్రం ప్రసారాల్లో సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ పాఠాలతోపాటు జానపద పాటలు, నృత్యాలు, నాటికలు వచ్చేవి. ఒకే చిత్రానికి రెండు ధ్వని మార్గాలు ఉండడంతో ఒకే బొమ్మకు రెండు భాషల్లో మాట జోడించే వీలుండేది. తెలుగు, కన్నడ, మరాఠీ, దక్ఖనీ ఒకే సంతలో వినిపించే ఈ సరిహద్దు సీమకు ఆ ఏర్పాటు ఎంతో తగినది.

1976 జులై 31న ప్రయోగం ముగిసింది. ఆ పల్లెలకు ప్రసారాలు పూర్తిగా ఆగిపోకుండా నేల మీద నుంచే పంపే కేంద్రాలు కొన్నిచోట్ల పెట్టారు. 1977లో హైదరాబాద్‌కూ గుల్బర్గాకూ అలాంటి కేంద్రాలు వచ్చాయి. జహీరాబాద్ ఆ రెంటికీ నడుమ ఉంది. 1982లో రంగుల ప్రసారం, 1984లో ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్ల ఏర్పాటు జరిగాక టీవీ పంచాయతీ కార్యాలయం నుంచి ఇళ్లలోకి నడిచింది. మిద్దెల మీద గొట్టాల ఆంటెనాలు లేచాయి. బొమ్మ సరిగా రాకపోతే ఒకరు పైకెక్కి తిప్పడం, కింద నుంచి మరొకరు ‘వచ్చింది, పోయింది’ అని కేకేయడం ఆ కాలపు ఇళ్లన్నిటా జరిగినదే.

అప్పటి దూరదర్శన్ తెలుగు వినోదంలో మకుటం ‘చిత్రలహరి’. శుక్రవారం సాయంత్రం సినిమా పాటలు వరసగా చూపే ఆ కార్యక్రమం కోసం టీవీ ఉన్న ఇంటికి వాడకట్టంతా చేరేది. పాటను రేడియోలో వినడమే తప్ప చూడాలంటే టాకీసుకు వెళ్లక తప్పని జనానికి, చిరంజీవి స్టెప్పు ఇంట్లోనే కనిపించడం మామూలు విషయం కాదు. హిందీ పాటలకు ఢిల్లీ నుంచి ‘చిత్రహార్’, ఆదివారం పొద్దున ‘రంగోలి’ ఉండేవి.

పిల్లల బొమ్మల కథలు మాత్రం హిందీలోనే వచ్చాయి. డిస్నీ వారి ‘డక్ టేల్స్’, ‘టేల్‌స్పిన్’, జపాన్‌లో తయారైన ‘జంగిల్ బుక్’ 1990ల తొలి ఏళ్ల ఆదివారాలను ఏలాయి. ‘జంగిల్ బుక్’లోని మోగ్లీ పాటను గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ స్వరపరిచారు. దక్ఖనీ చెవిన పడుతూ పెరిగిన జహీరాబాద్ పిల్లలకు ఆ హిందీ మరీ కొత్త కాదు. అయినా తెలుగు బాలలకు తెలుగులో ఒక్క బొమ్మల కథ లేకపోవడం దూరదర్శన్ మిగిల్చిన పెద్ద లోటు. విచిత్రమేమంటే, 2008లో మొదలై దేశమంతా ఆదరించిన ‘ఛోటా భీమ్’ బొమ్మల కథ హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థలోనే పుట్టింది.

1995లో ఈటీవీ వచ్చింది. మరుసటి ఏడాది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన ‘పాడుతా తీయగా’ సినిమా పాటను పోటీ వేదిక ఎక్కించింది. కేబుల్ తీగ అల్లుకున్న ఊళ్లలో వారానికోసారి వచ్చే చిత్రలహరి కోసం ఎదురుచూడాల్సిన అవసరం తీరిపోయింది.

జహీరాబాద్ చరిత్ర ఇక్కడితో ఆగకపోవడమే దాని విశిష్టత. సైట్ ప్రయోగంలో పనిచేసిన దూరదర్శన్ నిర్మాత పి.వి. సతీష్, 1983లో ఈ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపించినవారిలో ముఖ్యులు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే ఆ సంస్థ 1990ల చివర నుంచి దళిత మహిళా రైతులకు వీడియో కెమెరా నేర్పింది. చదువురాని చేతులు చిత్రాలు తీశాయి. విత్తనాల గురించి, పత్తి రైతుల గోడు గురించి వారు తీసినవి విదేశాల్లోనూ ప్రదర్శితమయ్యాయి. 2008 అక్టోబర్ 15న మాచనూర్‌లో ఆ సంస్థ మొదలుపెట్టిన సంఘం రేడియోలో పొలం పాటలు, పండుగ పాటలు వారి గొంతుల్లోనే వినిపించాయి.