ఎర్రగుడి గుండు మీద సైరీన్ రాజు

ఆస్పరి నల్లరేగడి చేలు దాటి, పత్తికొండ మీదుగా గుత్తి రోడ్డు పట్టుకోండి. ఎర్రగుడి దగ్గర దిగి ఏనకొండకేసి నడవండి. పొద్దున్నే రావడం మేలు. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే అక్షరాలు తేటగా కనబడతాయి.

ఇదిగో, ఈ గుండు. చెయ్యి వెయ్యకండి, వంగి చూడండి. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష, అశోకుడి మాట. ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి పోయింది. కిందిది కుడి నుంచి ఎడమకు వస్తోంది. సాలు చివర ఎద్దులు మళ్లినట్టే. క్రీటు దీవిలో గోర్టిన్ అనే గ్రీకు నగర రాజ్యం క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఆస్తి పంపకాలు, విడాకులు, దత్తత చట్టాలను గోడ మీద ఇదే తీరున చెక్కించుకుంది. ఒకరిని చూసి ఒకరు రాశారని నేననను. అక్కడ పౌరులు తమ కోసం రాసుకున్నారు. ఇక్కడ చక్రవర్తి, రజ్జుకులనే అధికారులతో పల్లెల్లో భేరి కొట్టించి తల్లిదండ్రుల మాట వినమని చెప్పించాడు.

ఇప్పుడు ఇదే కొండ మీదున్న పదమూడో శిలాశాసనం చూడండి. కళింగలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని అశోకుడు తానే చెప్పుకొని కుమిలిపోతాడు. ఇక ధర్మవిజయమే గొప్పదంటాడు. ఆరు వందల యోజనాల దూరంలోని యవన రాజు ఆంటియోకస్‌ను, ఆయనకవతల మరో నలుగురిని పేర్లతో పిలుస్తాడు. వాళ్లలో ‘మక’ ఒకడు. సైరీన్ రాజు మాగస్.

సైరీన్ నేటి లిబియా తీరాన ఉండేది. థేరా దీవిలో ఏడేళ్లు వాన చుక్క పడక జనం అక్కడికి వలస పోయారని హెరోడోటస్ రాశాడు. ఏటా సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయే మన ఊళ్లకు ఆ కథ విడమరిచి చెప్పాలా? ఒకే వంశంలో ఎనిమిది మంది రాజులు ఏలాక, క్రీ.పూ. 440 ప్రాంతంలో రాజరికం పోయి పౌరుల పాలన వచ్చింది. సుఖమే పరమార్థమన్న అరిస్టిప్పస్ ఆ ఊరివాడు. తర్వాత ఈజిప్టు టాలమీలు పట్టుకున్నారు. వాళ్లు పంపిన అధికారి మాగస్ తానే రాజయ్యాడు. భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరాటోస్తనీస్ ఆయన ఏలుబడిలోనే పెరిగాడు.

క్రీ.పూ. 250 ప్రాంతంలో మాగస్ పోయాడు. అశోకుడు పేర్లతో పిలిచిన ఆ ఐదుగురు రాజులూ ఒకే కాలంలో బతికున్న ఏళ్లు కొన్నే. చరిత్రకారులు అశోకుడి కాలాన్ని తేల్చడానికి ఆ లెక్క ఒక ముఖ్య ఆధారం.