నైలాన్

న్యూయార్క్, లండన్ నగరాల పేర్లు కలిపి ‘నైలాన్’ అన్నారని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంది, నిజం మాత్రం కాదు.

అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో ఈ పాలిమర్‌ను తయారుచేసింది. ఆరేసి కార్బన్లున్న రెండు పదార్థాలను గొలుసులా కలిపారు కాబట్టి రసాయన శాస్త్రంలో ఇది ‘నైలాన్ 6,6’. తీసిన పోగును చల్లారాక సాగదీస్తే లోపలి అణువుల గొలుసులన్నీ ఒకే వరుసలోకి వస్తాయి. దాని బలమంతా అక్కడే ఉంది.

పేరు పెట్టడానికే తంటాలు పడ్డారు. ఆడవాళ్ల మేజోళ్లకు పోగు జారదన్న అర్థంలో మొదట ‘నోరన్’ అనుకున్నారు. తీరా జారుతుందాయె! అక్షరాలు తిరగేస్తే ‘న్యూరాన్’ వచ్చింది. అది నరాల టానిక్కులా ఉందన్నారు. మార్చగా మార్చగా ‘నైలాన్’ దగ్గర ఆగారు. చివరి ‘ఆన్’ కాటన్, రేయాన్‌ల పోలిక. ‘నైల్’కు అర్థమేమీ లేదని కంపెనీవారే 1940లో చెప్పారు. ట్రేడ్‌మార్క్ కూడా తీసుకోలేదు. 1938లో లోకానికి ప్రకటించేనాటికి కరోథర్స్ లేడు. అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు.

మొదట టూత్‌బ్రష్ కుచ్చుగా, తర్వాత మేజోళ్లుగా అమ్ముడైన ఈ సరుకు మన దగ్గర తాడైంది, వలైంది, చీరైంది. కిరాణా కొట్లో ‘నైలాన్ సగ్గుబియ్యం’ కూడా దొరుకుతుంది. అందులో నైలాన్ పోగు ఒక్కటీ ఉండదు లెండి, సన్నని సగ్గుబియ్యమే!